మూడో కిటికీకి ఇవతల

పోయిన వారం ఎదెల్మీరాను కొండ మీది ఎల్ ఆల్తోలో తల్లి వంటింటి గుమ్మంలో నిలబెట్టి వచ్చాం. "నీ మాట నాకు నేర్పమ్మా" అని ఆ పిల్ల నోరు తెరిచి అడగడం, తల్లి బసీలియా పొయ్యి కట్టేసి, నెత్తిన టోపీ పెట్టుకుని, ఔననకుండా కాదనకుండా వీధిలోకి వెళ్ళిపోవడం మీరు మరిచిపోయి ఉండరు. పిల్ల అన్నానే గానీ ఎదెల్మీరాకు నలభై దాటాయి. తల్లి ముందు ఎవరైనా పిల్లలే.

ఆ పిల్లకు వచ్చిన కష్టం చిన్నది కాదు. కొండ కింద లా పాస్ నగరంలో కార్మికుల వైద్యనిధి ఆఫీసులో ఆమె కాంట్రాక్టు గుమస్తా. సర్కారు జీతం తీసుకునేవాళ్ళు స్పానిష్ ఒక్కటే మాట్లాడితే చాలదు, ఈ నేల భాష కూడా ఒకటి మాట్లాడి తీరాలని చట్టం. అందుకని ఆఫీసు మేడ మీద సాయంత్రం పూట ఐమారా శిక్షణ పెట్టారు. పరీక్ష గట్టెక్కితే ఉద్యోగం ఖాయం చేస్తారు, తప్పితే కార్నివాల్ పండగ తర్వాత కాంట్రాక్టు పొడిగించరు. మొదటి విడతలో ఎదెల్మీరా తప్పింది. పుస్తకంలో ఉన్నదంతా వచ్చింది గానీ, ఎదురుగా ఒక ముసలాయన గబగబా మాట్లాడేసరికి ఒక్క ముక్క అంతుపట్టలేదు. రెండో విడత, అంటే ఆఖరి విడత, కార్నివాల్ ముందు శుక్రవారం నాడు.

"మనకి జీతాలు పెరగవు గానీ శిక్షణలు మాత్రం ఏటేటా పెరుగుతాయే," అని పక్క బల్ల ఫాబియోలా నిట్టూర్చేది. "పోయినేడు 'చిరునవ్వుతో సేవ' నేర్పారు. ఇప్పుడా నవ్వు ఐమారాలో నవ్వాలిట."

ఆ తరగతిలో డైరెక్టర్ గ్వాల్బెర్తో కూడా కూర్చునేవాడు. ఈ చట్టానికి డైరెక్టరూ గుమస్తా అనే తేడా లేదు మరి. రేపో మాపో రిటైరయ్యే మనిషి. "ఇదే ఆఫీసులో, కింద మూడో కిటికీ దగ్గర గుమస్తాగా మొదలుపెట్టినవాణ్ణి నేను" అని వారానికి ఒకసారైనా చెప్పుకోకపోతే ఆయనకు తిన్నది అరగదు. మాట్లాడబోయే ముందు వేలి ఉంగరంతో బల్ల మీదో అద్దం మీదో టక్ టక్‌మని కొట్టడం ఆయన అలవాటు. ఆ చప్పుడు వినబడితే చాలు, ఆఫీసంతా లేచి నిలబడుతుంది. కాంట్రాక్టుల మీద సంతకం పెట్టేది కూడా ఆ ఉంగరం చెయ్యే.

సరే, మళ్ళీ ఆదివారం వచ్చింది. ఎదెల్మీరా మళ్ళీ కొండెక్కింది. ఈసారి తాడో పేడో తేల్చుకోకుండా దిగేది లేదనుకుంది.

బసీలియా వాకిట్లో చిన్న పీట వేసుకుని కూర్చుంది. నానబెట్టిన చున్యోలను, ఆ మంచుకి ఎండిన నల్ల దుంపలను, ఒక్కొక్కటే గుప్పిట్లో పట్టి నీళ్ళు పిండుతోంది. కూతుర్ని చూసి తల ఎత్తలేదు.

"బ్రెడ్డు తెచ్చావా?" అంది, తనకొచ్చిన విరిగిన స్పానిష్‌లో.

"తెచ్చాను. అమ్మా, పోయినవారం అడిగాను."

"విన్నా."

"జవాబు చెప్పలేదు."

"లేచి వెళ్ళిపోయాగా. జవాబంటే అదే."

ఎదెల్మీరా బ్రెడ్డు సంచీ కింద పెట్టి, తల్లి ఎదురుగా నేల మీదే చతికిలబడింది. ఆఫీసు పాంటు మట్టి కొట్టుకుపోయినా లెక్కచెయ్యలేదు.

"ఊళ్ళో అందరితో అదే మాట్లాడతావు. సంతలో మాట్లాడతావు, కుక్కతో కూడా మాట్లాడతావు. నన్ను చూడగానే నాలిక మడతేసి స్పానిష్‌లోకి దిగుతావు. కుక్కపాటి చెయ్యనా నేను నీకు?"

"కుక్క ఆఫీసులో పని చెయ్యదు," అంది బసీలియా.

"నవ్వించకు. నా ఉద్యోగం పోతుందే అమ్మా! నువ్వు నేర్పకపోతే పోతుంది. నీ కడుపున పుట్టి, నీ భాష కోసం నేను ఫీజు కట్టి తరగతికెళ్తున్నా. అది చాలక తప్పాను కూడా. ఆ ముసలాయన ఏదో అడిగితే బొమ్మలా చూస్తూ కూర్చున్నా. ఎంత సిగ్గేసిందో నీకేం తెలుసు?"

బసీలియా చేతిలోని దుంప ఆగిపోయింది.

"నాకా?" అంది. "నాకు తెలీదా?"

ఆ గొంతు ఎదెల్మీరా ఎన్నడూ విననిది. తల్లి కోపం ఆమెకు తెలుసు, మొండితనం తెలుసు. ఇది రెండూ కాదు.

బసీలియా తడిచేతులు గాగరాకు తుడుచుకుంది. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఎక్కడా ఆగలేదు.

"మీ నాన్నకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము. రాత్రంతా రక్తం కక్కాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే, వైద్యనిధి ఆఫీసు చీటీ ఉంటేనే చేర్చుకుంటాం అన్నారు. సరే అని కొండ దిగొచ్చా. నువ్వు నా వీపు మీదున్నావు, మూటలో. నాకు స్పానిష్‌లో 'దయచేసి' ఒకటొచ్చు, 'ఎంత' ఒకటొచ్చు. ఆ రెండు మాటల్తో ఏం చీటీ అడుగుతా? వరసలో నిలబడి, కిటికీ దాకా వెళ్ళి, నా మాటలోనే చెప్పా. ఆయనకి జ్వరం కాలిపోతోంది బాబూ, చీటీ ఇప్పించు అని. మళ్ళీ చెప్పా. ఇంకా గట్టిగా చెప్పా. గట్టిగా చెప్తే అర్థమవుతుందేమోనని."

"తర్వాత?"

"కిటికీలో ఒక కుర్రాడు. మెడలో రంగు కాగితాల దండలు. అది కార్నివాల్ ముందు శుక్రవారం, లోపల సీసాలు సర్దుకుంటున్నారు. వాడికి నవ్వొచ్చింది. నన్ను తిట్టలేదు, నిజం చెప్పాలి. నవ్వాడంతే. ఉంగరంతో అద్దం మీద కొట్టి, 'మాటొచ్చినవాళ్ళని ఎవర్నైనా తీసుకుని తర్వాత రామ్మా' అన్నాడు. అదేంటో నాకర్థం కాలేదు. వెనక నిలబడ్డాయన చెప్పాడు. మళ్ళీ కొండెక్కి, పక్కింటి ఎలియాస్ కాళ్ళావేళ్ళా పడి వెంటబెట్టుకొచ్చా. వచ్చేసరికి తలుపులేసేశారు. లోపల బాజాలు వాయిస్తున్నారు. నేలతల్లికి సారా ధారపోస్తున్నారు, మంచి జరగాలని. తలుపు బాదీ బాదీ నా చేతులు వాచాయి. పండగంతా అయ్యాకగానీ మళ్ళీ తెరవలేదు. అప్పటికి మీ నాన్నని మట్టిలో పెట్టేశాం."

నాన్న కార్నివాల్‌లో పోయాడని మాత్రమే ఎదెల్మీరాకు తెలుసు. కార్నివాల్‌లో పోయాడంటే తాగి పోయాడనే ఎవరైనా అనుకుంటారు. ఆమె కూడా ఇన్నేళ్ళూ అదే అనుకుని, ఆ తండ్రి మీద లోలోపల కోపం పెంచుకుని బతికింది. ఇప్పుడా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఏడుపొచ్చింది.

"నాకెందుకు చెప్పలేదే!"

"చెప్తే నువ్వు ఆ ఆఫీసులో చేరేదానివా?" అంది బసీలియా. "ఆ రోజే అనుకున్నా. నా కూతురు ఆ అద్దానికి అవతల కూర్చోవాలి. నా మాట దాని నోట్లో పెడితే అదీ ఇవతలే నిలబడిపోతుంది. అందుకే ఒక్క ముక్క పెట్టలేదు. జోలపాట కూడా పాడలేదు. పాడకుండా నిద్రపుచ్చడం ఎంత కష్టమో తెలుసా? ఇప్పుడొచ్చి, ఆ మాటే లేదని నిన్ను గెంటేస్తారంటున్నావు. వీళ్ళ చట్టాలు తగలెయ్యా! ఎటు తిరిగినా మనమే తప్పు."

వాకిట్లో కుక్క ఆవలించింది. ఎదెల్మీరా కళ్ళు తుడుచుకుంది. ఆమె మనసులో ఇంకొకటి మెదిలింది, మెదలకూడనిది. ఉంగరం.

"అమ్మా, అది ఎన్నో కిటికీ?"

"మూడోది. తలుపుకి దగ్గరగా ఉండేది."

చెప్పాలా, వద్దా? చెప్తే తల్లికి పుండు మీద కారం. చెప్పకపోతే, ఇంతకాలం తల్లి దాచినట్టే తానూ దాచడం మొదలుపెట్టినట్టు. ఈ ఇంట్లో దాచుకోవడాలు ఇంక చాలనుకుంది.

"ఆ కుర్రాడు ఇప్పుడు మా డైరెక్టరు."

బసీలియా గిన్నెలోంచి ఇంకో దుంప తీసి గట్టిగా పిండింది.

"ఇంకా కొడుతున్నాడా, అద్దాన్ని?" అని అడిగింది.

"ఇంకా."

బసీలియా లేచింది. బ్రెడ్డు సంచీ తీసుకుని వంటింట్లోకి నడిచింది. లోపల్నుంచి ఒక కేక వినబడింది. చిన్న కేకే, రెండు మూడు మాటలు. కానీ అది స్పానిష్ కాదు. "లోపలికి రావే, సూప్ చల్లారిపోతోంది" అని ఐమారాలో పిలిచింది. తన తల్లి తనను ఆ మాటలో పిలవడం ఎదెల్మీరా పుట్టాక అదే మొదటిసారి. పుస్తకంలో లేని మాటే అయినా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా అర్థమైంది.

ఆ రోజు నుంచీ మొదలైన శిక్షణ ముందు సర్కారు శిక్షణ ఏ మూలకూ రాదు. ఎదెల్మీరా బట్టలు సర్దుకుని తల్లి ఇంటికే మకాం మార్చింది. ఇంట్లో స్పానిష్ బంద్. ఉప్పు అడగడం రాక రెండు పూటలు చప్పటి సూప్ తాగింది. అడగడం వచ్చాక, అడిగిన పద్ధతి బాగాలేదని ఇంకో పూట కూడా చప్పగానే తాగించింది బసీలియా. ఇరుగమ్మా పొరుగమ్మా గోడ మీంచి తొంగి చూసి పడీపడీ నవ్వారు. పొద్దున్నే ఆఫీసుకు దిగుతుంటే, చున్యోల మూటతో సంతకు దిగే బసీలియా రోప్‌వే డబ్బాలో కూడా వదిలేది కాదు. జనం చూస్తున్నారని ఎదెల్మీరా గొంతు తగ్గించేది. కూతురు తగ్గించినకొద్దీ తల్లి పెంచేది. కొన్నాళ్ళకు కూతురు తగ్గించడం మానేసింది.

పరీక్ష దగ్గరపడుతుండగా శిక్షణ మాస్టారు రుఫీనో ఒక కొత్త మాట చెప్పాడు. ఈసారి పరీక్ష తరగతి గదిలో కాదు, కింద కిటికీల దగ్గరే పెడతాడట. శిక్షణలో ఉన్నవాళ్ళు అద్దం వెనక కూర్చోవాలి. ఐమారా మాట్లాడే పెద్దవాళ్ళు నిజంగా పని మీద వచ్చినట్టే వరసలో వచ్చి, తమ బతుకులోంచి ఏ కష్టమైనా చెప్పుకోవచ్చు. కిటికీలో ఉన్నవాళ్ళు విని జవాబివ్వాలి. స్పానిష్ ముక్క దొర్లితే తప్పినట్టే. ఎవరింట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళను తీసుకురమ్మన్నాడు.

ఆ మాట ఇంటికొచ్చి చెప్పగానే బసీలియా తల అడ్డంగా తిప్పింది.

"నేను రాను. వస్తే నా నోరు ఊరుకోదు. సంతకం పెట్టేది వాడే కదా నీకు?"

"వాడే. అయినా రా."

"ఉద్యోగం పోతే?"

"పోతే ఇద్దరం కలిసి చున్యోలు అమ్ముకుందాం. ఇప్పుడు నాకు బేరాలాడ్డం కూడా వచ్చు," అంది ఎదెల్మీరా. "అమ్మా, నువ్వు మళ్ళీ ఆ గుమ్మం తొక్కకపోతే నేను అద్దానికి ఎటువైపు కూర్చున్నా ఒకటే. నువ్వు రావాలి."

అదంతా ఐమారాలోనే అంది. మధ్యలో రెండుచోట్ల తడబడింది. బసీలియా దిద్దలేదు. పెట్టె తెరిచి పండగ శాలువా బయటికి తీసింది.

శుక్రవారం పొద్దున ఆఫీసు చూడాలి! కిటికీల నిండా రంగు కాగితాలు, కంప్యూటర్ల మీద బెలూన్లు, మూలన బీరు పెట్టెలు. మధ్యాహ్నానికి పరీక్ష ముగించేస్తే నేలతల్లికి ధారపోసి, మిగిలింది గొంతులో పోసుకోవచ్చని అందరి ఆత్రం. డైరెక్టర్ గ్వాల్బెర్తో మెడలో అప్పుడే ఎవరో పచ్చ కాగితాల దండ వేశారు.

ఎదెల్మీరా వంతు ముందే వచ్చింది. వైద్యం కార్డు పోగొట్టుకున్న తాతయ్య ఒకాయన వచ్చి, కార్డు సంగతి వదిలేసి మోకాళ్ళ నొప్పుల దగ్గర్నుంచి కోడలి దాకా ఏకరువు పెట్టాడు. ఆమె అంతా విన్నది. కార్డు ఎక్కడ రాయించుకోవాలో చెప్పింది. కోడలి విషయంలో ఆఫీసు ఏమీ చెయ్యలేదని కూడా చెప్పింది. తాతయ్య పకపకా నవ్వాడు. రుఫీనో మాస్టారు తల ఊపాడు. గట్టెక్కింది. ఇక మిగిలింది ఒక్క సంతకం.

ఇక్కడ బసీలియా వరసలో ఒక చిత్రం జరుగుతోంది. ఆమె వంతు వచ్చినప్పుడల్లా, "కాలు పట్టేసింది తల్లీ, నువ్వు పద" అని వెనకావిడను ముందుకు పంపేస్తోంది. అలా ఒకావిడ వెళ్ళింది, ఇంకొకావిడ వెళ్ళింది. ఎదెల్మీరాకు అర్థమైపోయింది. గ్వాల్బెర్తో వచ్చి, "నా పాత సింహాసనం" అని నవ్వుతూ మూడో కిటికీలో కూర్చోగానే బసీలియా కాలి నొప్పి ఠక్కున నయమైంది.

ఆమె కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడింది. గ్వాల్బెర్తో ఉంగరంతో అద్దం మీద టక్ టక్‌మని కొట్టాడు. బట్టీపట్టిన నమస్కారం, బట్టీపట్టిన కుశలప్రశ్న చిలకలా అప్పజెప్పాడు. ఆఫీసువాళ్ళు చప్పట్లు కొట్టారు.

బసీలియా చెప్పింది. నా పెనిమిటికి జ్వరం కాలిపోతోంది బాబూ, రాత్రంతా రక్తం కక్కాడు, చీటీ లేకపోతే చేర్చుకోం అంటున్నారు, చీటీ ఇప్పించు.

గ్వాల్బెర్తో "మీ పేరు?" అన్నాడు ఐమారాలో. పుస్తకంలో తర్వాతి ప్రశ్న అదే.

ఆమె పేరు చెప్పింది. మళ్ళీ అదే మాట చెప్పింది. ఇంకాస్త గట్టిగా.

ఆయన నీళ్ళు నమిలాడు. రుఫీనో వంక చూశాడు, గడియారం వంక చూశాడు, బీరు పెట్టెల వంక చూశాడు. ఆమె మూడోసారి చెప్పింది. ఇప్పటికైనా మించిపోలేదనుకుంది ఎదెల్మీరా, వెళ్ళి అమ్మను పక్కకు తీసుకొచ్చెయ్యొచ్చు. కాలు కదపలేదు.

ఏం చెయ్యాలో తోచని మనిషికి పాత అలవాటే దిక్కు. గ్వాల్బెర్తో ఓడిపోయానన్నట్టు చేతులెత్తి, నవ్వేసి, ఉంగరంతో మళ్ళీ అద్దం మీద కొట్టాడు.

"మాటొచ్చినవాళ్ళని ఎవర్నైనా తీసుకుని తర్వాత రామ్మా!" అన్నాడు స్పానిష్‌లో.

హాలంతా గొల్లుమంది. పరీక్ష తప్పిన డైరెక్టర్ని చూసి నవ్వే అవకాశం రోజూ రాదు కదా. ఆయన కూడా నవ్వుతున్నాడు. నవ్వనివాళ్ళు ఇద్దరే ఇద్దరు.

"తెచ్చాను బాబూ," అంది బసీలియా, ఆ విరిగిన స్పానిష్‌లో, నవ్వులన్నిటి మీంచి వినబడేలా. "ఆ రోజు తేలేకపోయా. ఈసారి తెచ్చుకునే వచ్చా." వెనక్కి తిరిగి పిలిచింది. "రావే, ఎదెల్మీరా."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఈ శాలువా ముసలమ్మకీ ఎదెల్మీరాకీ ఏమిటి సంబంధమని సగంమందికి తెలియదు. ఫాబియోలా ఆమె మోచెయ్యి పట్టుకుని, "ఒద్దే, సంతకం ఇంకా పెట్టలేదు" అని గొణిగింది. ఎదెల్మీరా ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుంది. సిబ్బంది వెళ్ళే తలుపు తెరుచుకుని, అద్దాన్ని చుట్టి, జనం నిలబడే వైపుకు వచ్చింది. ఒకప్పుడు తల్లి వీపు మీద ఉన్నచోటే తల్లి పక్కన నిలబడింది.

"చెప్పమ్మా," అంది ఐమారాలో. "మళ్ళీ మొదట్నుంచీ చెప్పు."

బసీలియా చెప్పింది. ఎదెల్మీరా అంతా విన్నది. అప్పుడు అద్దం వైపు తిరిగి, డైరెక్టర్ కళ్ళలోకి చూస్తూ, అందరికీ అర్థమయ్యే స్పానిష్‌లో మొదలుపెట్టింది.

"ఈవిడ చెప్పేదేంటంటే సార్, ఇది నలభై ఏళ్ళ కిందటి కార్నివాల్ శుక్రవారం, మా నాన్న ఇంకా బతికే ఉన్నాడు. మీరు తలుపులు మూసేలోపల చీటీ కావాలి."

గ్వాల్బెర్తో మళ్ళీ అద్దం మీద కొట్టబోయి చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగింది. ముసలావిడ ముఖంలోకి మొదటిసారి పరీక్షగా చూశాడు. తర్వాత ఆయన చెయ్యి మెల్లగా మెడలోని పచ్చ కాగితాల దండ మీదికి వెళ్ళింది.

"మీరు..." అన్నాడు. "మీ వీపు మీద ఆ రోజు ఒక పసిబిడ్డ..."